పేగులో పేగు దూరిందట... ఇప్పుడేం చేయాలి?

పోయిన సంచికలో పేగు అడ్డుపడటం గురించి రాస్తూ ఇంటస్ససెప్షన్ అన్న మాట ఒకచోట వాడి, వివరించకుండా వదిలేశాను. దాన్ని పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. పేగు తన పక్కనున్న పేగులోకి దూరిపోవడాన్నే అలా అంటారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. పేర్లు, ఊళ్లు తీసేశాను, కొన్ని ఉత్తరాలు కుదించాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి 46 ఏళ్లు. మూడు నెలలుగా కడుపునొప్పి వస్తూ పోతూ ఉండేది. మెలిపెట్టినట్టు మొదలై, అరగంటో గంటో ఉండి, ఏమీ జరగనట్టు తగ్గిపోయేది. గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు, ఎండోస్కోపీ చేశారు, నార్మల్. అల్ట్రాసౌండ్ తీశారు, అదీ నార్మల్. టెన్షన్ తగ్గించుకోమని కూడా చెప్పారు. పోయిన నెల నొప్పితో పాటు వాంతులు పట్టుకుంటే ఎమర్జెన్సీలో చేర్చాం. సీటీ స్కాన్‌లో చిన్నపేగు చివరి భాగం పెద్దపేగులోకి దూరిపోయిందని తేలింది. ఆ రాత్రే ఆపరేషన్ చేసి కుడివైపు పెద్దపేగు కొంత తీసేశారు. మా ఆడపడుచు బిడ్డకి ఏడు నెలలప్పుడు ఇదే వస్తే కత్తి పెట్టకుండా గాలి పంపి సరిచేశారు. మరి ఈయనకి ఎందుకు కోశారు? తొందరపడ్డారా? మూడు నెలలు ఎవరూ ఎందుకు కనిపెట్టలేకపోయారు?

జవాబు: అమ్మా, తొందరపడలేదు. ముందు ఆ మాట చెప్పేస్తే మీకు కాస్త నిద్ర పడుతుందని మొదటే రాస్తున్నాను.

చొక్కా విప్పేటప్పుడు చెయ్యి తిరగబడి లోపలికి పోతుంది చూశారా, పేగు కూడా అలాగే తన ముందున్న పేగులోకి దూరుతుంది. పేగు ఊరికే పడి ఉండే గొట్టం కాదు, లోపలున్నదాన్ని అలలు అలలుగా ముందుకు తోస్తూనే ఉంటుంది. దాని గోడ మీద ఒక గడ్డో, పాలిప్ అనే పిలక లాంటి కండో మొలిచిందనుకోండి, పేగుకి తేడా తెలియదు, దాన్ని కూడా తోసేయబోతుంది. గడ్డ ముందుకు కదిలితే అది అంటుకుని ఉన్న గోడ కూడా కదులుతుంది, గోడతో పాటు దానికి రక్తనాళాలు తెచ్చే కొవ్వు పొర, అంటే మెసెంటరీ, అదీ లోపలికి పోతుంది. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఆ ఇరుకులో ముందు సిరలు నొక్కుకుపోతాయి, వెళ్లాల్సిన రక్తం నిలిచిపోయి పేగు ఉబ్బుతుంది, ఉబ్బేకొద్దీ ఇంకా ఇరుకవుతుంది, చివరికి ధమనులు కూడా మూసుకుపోతే ఆ ముక్క చచ్చిపోతుంది. దాన్నే గ్యాంగ్రీన్ అంటాం.

ఇక మూడు నెలల సంగతి. చాలాసార్లు దూరిన పేగు కాసేపటికి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. నొప్పి పోతుంది, మనిషి మామూలైపోతాడు, అప్పుడు తీరిగ్గా వెళ్లి అల్ట్రాసౌండ్ తీయించుకుంటే అందులో ఏం కనిపిస్తుంది? పైగా నోటి ద్వారా వేసే ఎండోస్కోపీ కడుపు దాటి చిన్నపేగు మొదటి భాగం వరకే చూస్తుంది, మీ వారి జబ్బు ఉన్నది చిన్నపేగు రెండో చివర. ఆ పరీక్ష తప్పు కాదు, అది చూసిన చోట జబ్బు లేదు, అంతే. పుస్తకాల్లో ఈ జబ్బుకి మూడు లక్షణాలు రాస్తారు: నొప్పి, పొట్టలో చేతికి తగిలే గడ్డ, రక్తం జిగురు కలిసిన విరేచనం. ఈ మూడూ ఒకేసారి కనిపించేది ఎక్కువగా పసిపిల్లల్లోనే, పెద్దల్లో చాలా అరుదు. దానికి తోడు జబ్బే అరుదు. ఇంటస్ససెప్షన్ వచ్చిన నూరుమందిలో పెద్దవాళ్లు ఐదుగురు ఉంటారంతే. పెద్దల్లో పేగు అడ్డుపడిన కేసులు నూరు తీసుకుంటే వాటిలో దీనివల్ల వచ్చేవి ఒకటి నుంచి ఐదు. కాబట్టి డాక్టర్ బుర్రలో ఈ పేరు మొదటే మెదలదు. నా సంగతే చెబుతాను. జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఇలాంటి నొప్పితో వచ్చిన ఒకాయన్ని రెండుసార్లు గ్యాస్ మాత్రలిచ్చి ఇంటికి పంపాను. మూడోసారి ఆయన నొప్పితో వంకర్లు తిరుగుతూ వచ్చినప్పుడు స్కాన్ తీయించినది నేను కాదు, నా సీనియర్. అప్పటినుంచి వచ్చి పోయే మెలిక నొప్పిని గ్యాస్ అని రాయాలంటే నా చెయ్యి కాస్త వెనకాడుతుంది.

ఇప్పుడు మీ ఆడపడుచు బిడ్డ విషయం. పసిపిల్లల్లో ఎక్కువమందికి లోపల గడ్డ ఏమీ ఉండదు. వైరస్ జ్వరం లాంటిదేదో వచ్చి పోయాక చిన్నపేగు చివర ఉండే, రోగాలతో పోరాడే లింఫ్ కణజాలం ఉబ్బుతుంది, దాన్నే పేగు లాక్కుపోతుంది. మలద్వారం నుంచి ఒత్తిడితో గాలో ద్రవమో పంపి వెనక్కి తోసేస్తే చాలామందిలో కథ ముగిసినట్టే. పెద్దల్లో లెక్క తిరగబడుతుంది. ఆపరేషన్ దాకా వచ్చిన పెద్దల్లో ఎక్కువమందికి పేగుని లాక్కెళ్లిన వస్తువు ఒకటి లోపల ఉంటుంది, దాన్ని మేం లీడ్ పాయింట్ అంటాం. చిన్నపేగులో అయితే అది లైపోమా అనే కొవ్వుగడ్డ కావచ్చు, పాలిప్ కావచ్చు, పుట్టుకతో మిగిలిపోయే మెకెల్స్ డైవర్టిక్యులమ్ అనే చిన్న సంచి కావచ్చు, పాత ఆపరేషన్ అతుకులు కావచ్చు, లింఫోమా అనే లింఫ్ కణాల క్యాన్సర్ కావచ్చు, వేరేచోట పుట్టి పేగుకి పాకిన క్యాన్సర్ కూడా కావచ్చు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి ఆ అలవాటు ఉంది. చిన్నపేగు కేసుల్లో దాదాపు మూడోవంతు క్యాన్సర్ జాతివి. పెద్దపేగు కేసుల్లో సగం, కొన్ని లెక్కల్లో సగం కంటే ఎక్కువే. గాలి పంపి పేగుని వెనక్కి తోశామే అనుకోండి, గడ్డ అక్కడే ఉంటుంది, అది ఏమిటో తెలియదు, మళ్లీ లాగుతుంది. పేగు అప్పటికే మెత్తబడి ఉంటే ఆ ఒత్తిడికి చిల్లు పడొచ్చు. అది క్యాన్సరైతే కణాలు పొట్టలోకి చిమ్మే ప్రమాదం ఉంది. అందుకే పెద్దల్లో ఆ పద్ధతి వాడం.

లోపలికి వెళ్లాక కూడా సర్జన్ ఒక నిర్ణయం తీసుకోవాలి: దూరిన పేగుని ముందు బయటికి లాగి చూడటమా, లేక అలాగే ఉన్నదున్నట్టు ముక్కగా తీసేయడమా. దీని మీద మాలో మాకే వాదన ఉంది. పెద్దపేగు ఇందులో ఉంటే, క్యాన్సర్ అవకాశం ఎక్కువ కాబట్టి, లాగకుండా చుట్టుపక్కల లింఫ్ గ్రంథులతో సహా తీసేయాలన్నది ఎక్కువమంది మాట, నాదీ అదే. చిన్నపేగు మాత్రమే అయి, రంగు బాగుండి, గడ్డ మామూలుదిగా కనిపిస్తే మెల్లగా వెనక్కి పిండి, తక్కువ పొడవు మాత్రమే కోయొచ్చు, ఎందుకంటే చిన్నపేగు ప్రతి అడుగూ విలువైనదే. పిండాలి తప్ప లాగకూడదు, లాగితే చిరుగుతుంది. మీ వారికి చిన్నపేగు పెద్దపేగులోకి పోయింది కాబట్టి కుడిభాగం తీసేయడం సరైన పనే.

మీ ఉత్తరమంతా వెతికాను, ఒక్క మాట కనిపించలేదు. తీసిన ముక్క బయాప్సీ రిపోర్ట్ ఏమైంది? కుట్లు విప్పించుకుని దాన్ని మరిచిపోయినవాళ్లని చూశాను. దయచేసి వెళ్లి తెచ్చుకోండి. కొవ్వుగడ్డ అని ఉంటే జబ్బు ఆ ముక్కతోనే పోయింది. వేరే ఏదైనా ఉంటే ఎన్ని గ్రంథుల్లో ఉంది, ఏ దశ అన్నది చూసి క్యాన్సర్ డాక్టర్‌ని కలవాలి, మిగతా పెద్దపేగుని కొలనోస్కోపీతో, అంటే మలద్వారం నుంచి పంపే కెమెరాతో, ఒకసారి చూడాలి. కొన్ని వారాలు విరేచనం పలచగా, ఎక్కువసార్లు అవుతుంది, కంగారు పడకండి. నెలలు గడిచినా తగ్గకపోతే చెప్పండి, దానికి మందు ఉంది.

ప్రశ్న: సార్, నా వయసు 29. కిడ్నీలో రాయి ఉందేమోనని సీటీ తీశారు. రాయి ఉంది. కానీ రిపోర్ట్ చివర్లో ‘జెజునమ్‌లో 2 సెంటీమీటర్ల షార్ట్ సెగ్మెంట్ ఇంటస్ససెప్షన్, అడ్డంకి లేదు’ అని ఉంది. ఇంటర్నెట్‌లో చదివితే పెద్దల్లో ఇది వస్తే క్యాన్సరే, వెంటనే ఆపరేషన్ చేయించుకోవాలని ఉంది. రెండు వారాలుగా సరిగా తినడం లేదు. నాకు కడుపులో ఏ ఇబ్బందీ లేదు.

జవాబు: అయితే ముందు కూర్చుని శుభ్రంగా తినండి.

మీరు చదివినవి బహుశా ఆపరేషన్ చేసిన పేషెంట్ల లెక్కలు. ఆపరేషన్ దాకా వచ్చినవాళ్లనే లెక్కపెడితే అందరికీ గడ్డ ఉన్నట్టే కనిపిస్తుంది కదా. సీటీ స్కాన్లు ఇంత విరివిగా తీయని రోజుల్లో మీలాంటి వాళ్లు ఎవరి కంటా పడేవాళ్లే కాదు. చిన్నపేగు, ముఖ్యంగా జెజునమ్ అనే పై భాగం, తన మామూలు కదలికలో భాగంగా అప్పుడప్పుడూ ఒకదాంట్లో ఒకటి కొద్దిగా దూరి నిమిషాల్లో బయటికి వచ్చేస్తుంటుంది. ఆ క్షణంలో మీరు మిషన్ కింద ఉన్నారు, ఫొటో పడింది.

రిపోర్ట్‌లో నేనైతే చూసేవి కొన్ని ఉన్నాయి. దూరిన పొడవు 3.5 సెంటీమీటర్ల లోపు ఉందా, మీది ఉంది. పై పేగు ఉబ్బిందా, మీకు లేదు. లోపల గడ్డ ఏమైనా కనిపిస్తోందా, ఆ సంగతి రిపోర్ట్ రాసిన రేడియాలజిస్ట్‌ని సూటిగా అడగండి, ఫోన్‌లోనే చెప్పగలరు. కిడ్నీ రాయి కోసం తీసే సీటీలో సాధారణంగా బొమ్మ స్పష్టంగా రావడానికి రక్తనాళంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఇవ్వరు, అందుకే పేగు గోడ అంత స్పష్టంగా రాదు, వాళ్లకి అనుమానం ఉంటే కాంట్రాస్ట్‌తో ఇంకోసారి తీయమంటారు. గడ్డ లేదు, అడ్డంకి లేదు, మీకు లక్షణాలూ లేవు అంటే ఆపరేషన్ అక్కర్లేదు. చాలామందిలో మళ్లీ చూస్తే అది ఉండదు.

ఒక్కటి మాత్రం అడగాలి. మీకు ఎప్పటినుంచో రక్తం తక్కువగా ఉందా, తరచూ విరేచనాలు, బరువు తగ్గడం లాంటివి ఉన్నాయా? గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బులో ఇలా పదేపదే పొట్టి దూరుళ్లు కనిపిస్తాయి. ఉంటే ఒక రక్తపరీక్షతో మొదలుపెట్టొచ్చు. లేకపోతే మీ అసలు సమస్య రాయి, దాని సంగతి చూసుకోండి.

ప్రశ్న: మా అమ్మగారి అల్ట్రాసౌండ్ రిపోర్ట్‌లో ‘టార్గెట్ సైన్’ అని రాశారు. సీటీ కూడా తీయాలంటున్నారు. ఒకసారి కనిపించాక మళ్లీ ఎందుకు, డబ్బు కోసమా?

జవాబు: కాదండీ. పేగులో పేగు ఉన్నచోట అడ్డంగా చూస్తే ఒక వలయంలో ఇంకో వలయం కనిపిస్తుంది, దాన్నే టార్గెట్ సైన్ అంటారు. అల్ట్రాసౌండ్ అంత చూపించగలిగితే బాగా చూపించినట్టే, పెద్దల పొట్టలో గ్యాస్, కొవ్వు అడ్డొచ్చి చాలాసార్లు అదీ దొరకదు. సర్జన్‌కి మాత్రం ఇంకా తెలియాల్సినవి ఉంటాయి: ఎక్కడ, ఎంత పొడవు, గోడకి రక్తం అందుతోందా, లాక్కెళ్లినది ఏమిటి, చుట్టూ గ్రంథులు ఉబ్బాయా. ఇవి సీటీలోనే బాగా తెలుస్తాయి. లైపోమా కొవ్వు కాబట్టి సీటీలో కొవ్వు రంగులోనే నల్లగా కనిపిస్తుంది, ఆపరేషన్‌కి ముందే సగం భయం పోతుంది. కిడ్నీ జబ్బు, కాంట్రాస్ట్ మందుకి అలర్జీ ఉంటే ముందే చెప్పండి. గర్భిణులకైతే ఎమ్మారై వైపు చూస్తాం.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నాను, 50 కిలోలు తగ్గాను. ఈ మధ్య ఎడమవైపు పైన నొప్పి వచ్చి పోతోంది. సీటీ నార్మల్. ఇది ఇంటస్ససెప్షన్ కావచ్చా అని నా స్నేహితురాలు అంటోంది.

జవాబు: మీ స్నేహితురాలు చెప్పింది కొట్టిపారేయాల్సిన మాట కాదు. బైపాస్‌లో చిన్నపేగుని రెండుగా చేసి కింద ఒకచోట అతికిస్తారు, ఆ అతుకు దగ్గర పేగు నడక లయ తప్పుతుంది. బాగా బరువు తగ్గిన ఆడవాళ్లలో, ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాత, అక్కడ పేగు దూరడం జరుగుతుంది. విచిత్రమేమిటంటే ఇక్కడ పేగు సాధారణంగా ముందుకి కాదు, వెనక్కి దూరుతుంది, లోపల గడ్డా ఉండదు. నొప్పి లేనప్పుడు తీసిన సీటీ నార్మల్‌గా ఉంటే అది లేనట్టు కాదు. మీకు దీనికంటే ముందు నేను భయపడేది ఇంకోటి ఉంది: బైపాస్ తర్వాత లోపల మిగిలే సందుల్లోకి పేగు జారి మెలిపడే ఇంటర్నల్ హెర్నియా. రెండూ ఒకేలా నొప్పిస్తాయి, రెండూ వచ్చి పోతాయి, రెండూ సీటీని మోసం చేయగలవు. అందుకని బైపాస్‌లు చేసే సర్జన్ దగ్గరికే వెళ్లండి, మామూలు ఓపీలో గ్యాస్ మాత్రలతో సరిపెట్టుకోవద్దు. నొప్పి పదేపదే వస్తుంటే స్కాన్‌లో ఏమీ లేకపోయినా లాప్రోస్కోపీతో, అంటే పొట్టకి చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో, లోపలికి చూడటం తప్పేమీ కాదు. దూరినట్టు తేలితే వదులు చేసి కుట్లతో నిలబెట్టడమో, ఆ అతుకు తీసేసి కొత్తగా అతకడమో చేస్తారు. నొప్పి వచ్చి తగ్గకపోతే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి, మొదటి మాటే ‘నాకు బైపాస్ అయింది’ అని చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. చిన్నప్పటినుంచి పెదాల మీద, బుగ్గల లోపల గోధుమరంగు, నల్ల చుక్కలు ఉన్నాయి. పుట్టుమచ్చలనుకున్నాం. ఇప్పుడు పేగు దూరి ఆపరేషన్ అయ్యాక అవి చూసి జన్యు పరీక్ష చేయించమంటున్నారు. చుక్కలకీ పేగుకీ సంబంధమేమిటి?

జవాబు: సంబంధం ఉంది, ఆ చుక్కలు గమనించిన డాక్టర్‌కి నా నమస్కారం. ప్యూట్జ్ జెగర్స్ సిండ్రోమ్ అని ఒకటి ఉంది, ఎస్‌టీకే11 అనే జన్యువులో తేడా వల్ల వస్తుంది. చుక్కలు చర్మం మీద, పాలిప్పులు పేగులో. పెదాల మీది చుక్కలు వయసుతో వెలిసిపోవచ్చు, బుగ్గల లోపలివి సాధారణంగా మిగులుతాయి. చిన్నపేగులో పాలిప్పులు పెరిగి పెద్దవైతే పేగుని లాక్కుపోతాయి, ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఇరవై ఏళ్లు వచ్చేసరికే దాదాపు సగం మందికి కనీసం ఒకసారి ఇంటస్ససెప్షన్ వస్తుంది.

ఒక ఆపరేషన్‌తో ఇది అయిపోదు, అది ముందే తెలుసుకోవడం మంచిది. ప్రతిసారీ పేగు కోస్తూ పోతే కొన్నేళ్లకి పేగే మిగలదు. అందుకే మింగే క్యాప్సూల్ కెమెరాతోనో ఎమ్మారైతోనో రెండు మూడేళ్లకోసారి చిన్నపేగు చూసి, ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు దాటిన పాలిప్పుల్ని పొడవాటి ఎండోస్కోప్‌తో లోపలినుంచే తీసేస్తారు. పేగు అడ్డుపడినట్టు అనుమానం ఉన్నప్పుడు మాత్రం క్యాప్సూల్ మింగకూడదు, ఇరుక్కుంటుంది. రొమ్ము, పెద్దపేగు, పాంక్రియాస్ లాంటి చోట్ల క్యాన్సర్ ముప్పు మామూలు కంటే ఎక్కువ కాబట్టి వాటికీ వయసుని బట్టి పరీక్షలు ఉంటాయి. పరీక్షలో ఆ జన్యువులో తేడా తేలితే మీ ఇద్దరూ, ఆమె తోబుట్టువులూ చేయించుకోండి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ఒక్కో బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. ఎవరికీ లేకుండా కొత్తగా ఆమెతోనే మొదలవ్వడం కూడా జరుగుతుంది, కాబట్టి ఎవరివల్ల వచ్చిందన్న పంచాయితీ ఇంట్లో పెట్టుకోకండి.

ప్రశ్న: తిన్న వెంటనే పరిగెత్తితే, గెంతితే పేగు దూరుతుందా? పొట్ట మసాజ్ చేస్తే వెనక్కి వస్తుందా?

జవాబు: దూరదు. రాదు. మసాజ్ మాత్రం చేయించకండి, ఉబ్బిన పేగు చిరిగితే ప్రాణం మీదికొస్తుంది.

ప్రశ్న: ఇలాంటి నొప్పి ఇంట్లో ఎవరికైనా వస్తే ఎంతసేపు ఆగి చూడొచ్చు సార్? ప్రతి కడుపునొప్పికీ సీటీ తీయించలేం కదా.

జవాబు: నిజమే, తీయించక్కర్లేదు. వచ్చి పోయే నొప్పి అయితే, అది మళ్లీ మళ్లీ ఒకే తీరులో వస్తుంటే, పగటిపూట తీరిగ్గా డాక్టర్‌ని కలిసి ‘నొప్పి ఉన్నప్పుడే స్కాన్ తీయగలరా’ అని అడగండి. ఈ ఒక్క మాటతో నెలల ఆలస్యం తప్పిన కేసులు నాకు తెలుసు. నొప్పి ఏ రోజు, ఎంతసేపు వచ్చింది, వాంతి అయిందా అన్నవి ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి.

ఆగకూడని సందర్భాలు వేరే. మెలిక నొప్పి కాస్తా విడవకుండా ఒకే తీరుగా నిలిచిపోతే, పొట్ట గట్టిపడి ముట్టుకోనివ్వకపోతే, పచ్చటి వాంతులవుతూ గ్యాస్ కూడా బయటికి పోకపోతే, విరేచనంలో రక్తం పడితే, జ్వరంతో గుండె దడదడలాడుతుంటే, తెల్లారేదాకా చూడకండి. విరేచనాల మందు, ఎనిమా సొంతంగా ఇవ్వకండి, తినడం తాగడం ఆపేసి బయల్దేరండి. అక్కడ ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్ పెట్టి, నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇస్తారు. నొప్పి ఇంజెక్షన్ ఇస్తే జబ్బు తెలియకుండా పోతుందని కొందరు వద్దంటుంటారు, అది పాత నమ్మకం, ఇప్పించుకోండి.